ఎండకు పట్టిన గొడుగు

మైదుకూరులో బస్సులు ఆగే చోట, పప్పుల అంగడి పక్కగోడ మీద 1952 ఎండాకాలంలో ఒక టీ తోట వెలిసింది. ఎర్రటి చాళ్లు, చాళ్లలో మోకాటి ఎత్తు మొక్కలు, పైన కణకణలాడే సూర్యుడు, కింద నడుములు వంచి పనిచేసే ఆడవాళ్లు. అడుగున 'సిలోన్ టీ తాగండి' అని మూరెడు అక్షరాలు. బస్సు దిగిన రైతులు దాని ముందు నిలబడి, ఈ కరువులో ఎవరికో శెనక్కాయ బాగా దిగిందే అనుకుని, ఆ చేను యాడిదని అంగడివాణ్ణి అడిగేవారు.

ఆ గోడ వేసినవాడు కంబన్న. వయసు ఇరవై ఆరు. ఊరు కర్నూలు జిల్లా పడమట ఆలూరు పక్కన. గోడల పని దొరుకుతుందని మూడేళ్ల కింద మైదుకూరు చేరాడు. అతను టీ తోటను ఎన్నడూ చూడలేదు. కంపెనీవాళ్లు తోట వేయమన్నారు కాబట్టి తనకు తెలిసిన వేరుశెనగ తోట వేశాడు.

వారం తర్వాత, ఆ టీ కంపెనీకి కడప డిపోలో మేనేజరుగా ఉన్న దావీదురాజు జీపు దిగి గోడ చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నిచ్చెన మీద ఉన్న కంబన్నను కిందికి పిలిచి, బొమ్మలో కుడివైపు చివర ఉన్న ఆడమనిషిని వేలితో చూపించాడు. ఆమె ఒక మొక్కను వేళ్లతో సహా పెరికి, మన్ను దులుపుతోంది.

"కంబన్నా, టీ వేర్లకు కాయదప్పా."

"మరి యాడ కాస్తాది సార్?"

"కొసన. లేతాకు గిల్లుతారు."

కంబన్న తన గోడ వైపు చూసుకున్నాడు. మొత్తం తోట పీకి పారేయాల్సి వచ్చేటట్టుంది. అయితే దావీదురాజు తిట్టలేదు. ఆయన ఒకప్పుడు సిలోన్‌లో ఆ తోటల మధ్య రెండేళ్లు ఉండి వచ్చినవాడు. తోట తప్పే గానీ, ఆ నడుములు వంగిన తీరు మాత్రం నిజమని అన్నాడు. కంపెనీకి వచ్చే ఏడాది క్యాలెండరుకు ఆరు బొమ్మలు కావాలట. పట్నం నుంచి వచ్చిన బొమ్మల్లో ఆడవాళ్లందరూ టీ గిల్లడానికి కాక పెళ్లికి పోతున్నట్టున్నారట. ఆయన మద్రాసు ఆఫీసుకు రాసి ఒప్పించి, జూలైలో కంబన్నను సిలోన్‌కు పంపడానికి ఏర్పాటు చేశాడు. గడువు ముప్పై రోజులు. షరతు ఒక్కటే: ఆరు బొమ్మలూ అక్కడే, తోటలో కూర్చుని, కంటికి కనిపించింది కనిపించినట్టు వేయాలి. ఊహించి ఒక్క ఆకు కూడా వేయకూడదు. బొమ్మలు నచ్చితే కడప డిపోలో ఉద్యోగం. బల్ల ముందు కూర్చుని డబ్బాల మీదికి, కాగితాల మీదికి బొమ్మలు గీసే పని.

ఆ 'కూర్చుని' అన్న మాట కంబన్న ఇంట్లో అన్నిటికంటే పెద్ద మాటయింది. ఎందుకంటే అంతకు ముందు ఏడాది అతను ప్రొద్దుటూరులో సినిమా హాలు గోడ మీది నుంచి పడ్డాడు. కింద ఇసుక కుప్ప ఉంది కాబట్టి బతికాడు. అప్పుడు భార్య రామేశ్వరమ్మ నెలలు నిండి ఉంది. కాన్పయి, ఆడపిల్ల పుట్టిన పదకొండో రోజున ఆమె మొగుడి ముందు కూర్చుని ఒకటే మాట చెప్పింది.

"నేల మీద చేసే పని చూసుకో. లేదంటే నేనే నిచ్చెన పట్టుకుంటా, నువ్వు బిడ్డను పట్టుకో."

బిడ్డను పట్టుకోవడం నిచ్చెన ఎక్కడం కంటే ప్రమాదమని కంబన్నకు అప్పటికే తెలిసిపోయింది. ఆ బిడ్డకు అతని ముత్తవ్వ పేరు పెట్టారు. పెద్దక్క. తొమ్మిది నెలల పెద్దక్క. ఆమె తుమ్మితే కంబన్న లేచి నిలబడేవాడు. రెండుసార్లు తుమ్మితే డాక్టరు ఇంటికి పోయేవాడు. నెలకొకసారి పత్తి మండీకి తీసుకుపోయి కాటా మీద పెట్టించి, బరువును తలుపు వెనక బొగ్గుతో రాసుకునేవాడు. సిలోన్‌కు పోయే ముందు, తను లేనప్పుడు ఇంట్లోవాళ్లు ఏమి మరిచిపోతారోనని, వసారా గోడ మీద బిడ్డ విషయమై ఎనిమిది నియమాలు రాశాడు. రాయడం అంటే అతనికి ఒకే రకం తెలుసు. జానెడు అక్షరాలు, ఎర్ర రంగు, పక్కన నల్ల నీడ. 'పాలు మూడు పొంగులు రానిచ్చి చల్లార్చవలెను.' 'బిడ్డకు తడి తగలనీయరాదు.' దారిన పోయేవాళ్లు అది ఏదో పాల కంపెనీ ప్రకటన అనుకున్నారు. ఒకరిద్దరు పాలు కొనడానికి కూడా వచ్చారు.

ఇంట్లో నాలుగో మనిషి కంబన్నను పెంచిన అవ్వ, ఈరక్క. ఆమెకు చదువు రాదు కాబట్టి ఆ నియమాలతో ఆమెకు పేచీ లేదు. ఆమెకు ఆమె నియమాలు ఉన్నాయి. వాటిలో మొదటిది గొడుగు గురించి.

వాళ్ల తట్టు ఊళ్లలో గొడుగు అనేది ఎండకు. వానకు గొడుగు పట్టడమంటే గడప దాకా వచ్చిన అల్లుడి ముఖం మీద తలుపు వేయడం. ఈ అల్లుడు పిలవకుండా వచ్చేరకం కాదు, పిలిచినా రానిరకం. వచ్చిన రోజు అందరూ వాకిట్లోకి పోయి, చేతులు జోడించి, తడిసి నిలబడాలి. గొడుగు విప్పినవాడి ఊరికి వాన మళ్లీ రాదు. కంబన్న థర్డు ఫారం దాకా చదివినవాడు. నీరు ఆవిరై మేఘమవుతుందనీ, ఆ మేఘానికి గొడుగు సంగతి తెలిసే వీలు లేదనీ అతనికి తెలుసు. పరీక్షలో బొమ్మ గీసి మార్కులు కూడా తెచ్చుకున్నాడు. తెలియడం వేరు, వానలో గొడుగు విప్పడం వేరు. ఇరవై ఆరేళ్లలో అతను ఆ పని ఒక్కసారి కూడా చేయలేదు. చేయాల్సినంత వాన కూడా రాలేదు.

*

మద్రాసు నుంచి రైలు, ధనుష్కోడి నుంచి ఓడ, ఓడ దిగి మళ్లీ రైలు. నాలుగో రోజు పొద్దున కంబన్న నువరేలియా కొండల్లో దిగాడు. చెవులు మూసుకుపోయేంత చలి. రైలు దిగిన పావుగంటకు వాన మొదలైంది. కంబన్న పెట్టె కింద పెట్టి, స్టేషను బయటికి పోయి, చేతులు జోడించి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. కళ్లు తెరిచేసరికి అతని చుట్టూ నలుగురు కూలీలు ఉన్నారు. ఈ మనిషికి ఏమైందని వాళ్లు అరవంలో మాట్లాడుకుంటున్నారు.

తోటలో గుమాస్తా ఒక గది చూపించాడు. అరవం కంబన్నకు కొంత వచ్చు, కడపలో సున్నం పనివాళ్ల దగ్గర నేర్చుకున్నది. కంబన్న ఆయనకు నమస్కారం పెట్టి, మీ ఊరికి మంచి వాన వచ్చింది, మీ అదృష్టమని చెప్పాడు. గుమాస్తా ఆకాశం వైపు చూసి, ఏ వాన అని అడిగాడు. మర్నాడు కూడా వాన పడింది. కంబన్న మళ్లీ అభినందించాడు. మూడో రోజు గుమాస్తా అతన్ని చూడగానే పక్క సందులోకి తిరిగాడు.

పనికి కూర్చున్నాక అసలు సంగతి తెలిసింది. కర్నూలు ఎండలో నీటిరంగు అరచేయి మేర పులిమితే, పన్నెండు లెక్కపెట్టేలోగా ఆరిపోతుంది. అందుకే కంబన్న చేయి ఎప్పుడూ పరుగులో ఉండేది. ఆకాశం ఒక గీటు, కొండ ఒక గీటు, దులుపుకుని లేవడమే. ఇక్కడ ఆకాశం పులిమి పన్నెండు లెక్కపెట్టాడు. ఆరలేదు. వంద లెక్కపెట్టాడు. ఆరువందల దగ్గర లెక్క తప్పింది. గాలిలోనే ఇంత నీరుంటే కాగితంలోని నీరు ఇంకెక్కడికి పోతుంది? అది ఆరేలోగా పైనుంచి సన్నగా జల్లు మొదలైంది. కొండ జారి లోయలో పడింది, లోయ జారి అతని తొడల మీద పడింది. కంబన్న ఆకుపచ్చ పంచెతో గదికి వచ్చాడు.

ఆకుపచ్చ సంగతి ఇంకో తమాషా. అతని రంగుల పెట్టెలో ఆ బిళ్ల ఏడేళ్ల కింద కొన్నది. సీమలో దాని అవసరం చిలక బొమ్మలకే. అంచు కూడా అరగని ఆ బిళ్ల ఇక్కడ మూడు రోజుల్లో అయిపోయింది. ఎరుపు, కావి, పసుపు బిళ్లలు మాత్రం మూత తీసిన ప్రతిసారీ అత్తగారింట్లో కొత్తల్లుడిలాగా ముడుచుకుని కూర్చునేవి.

ఆకుపచ్చ రంగు కొనడానికి బజారుకు పోయినప్పుడు ఒక సందులో తెలుగు తిట్టు వినబడింది. "నీ కమ్మీలు విరగ, యాడ చిక్కుకున్నావే" అని ఎవరో ఎవర్నో తిడుతున్నారు. కంబన్న పరుగెత్తాడు. చిన్న అంగడిలో నలభై యాభై గొడుగులు గబ్బిలాల్లాగా వేలాడుతున్నాయి. వాటి కింద గడ్డం మనిషి ఒకడు విరిగిన గొడుగుతో కుస్తీ పడుతున్నాడు.

"అన్నా, యా ఊరు మనది?"

ఆ మనిషి తలెత్తి, గొడుగును పక్కన పెట్టేశాడు. "కడపప్పా. దర్గా వెనక సందు. నువ్వు?"

అతని పేరు ఇమాం బాషా. పదహారేళ్ల కింద అత్తరు అమ్మడానికి వచ్చి, ఈ తడికి అత్తరు నిలవదని తెలుసుకుని, గొడుగులు బాగుచేసే పనిలో దిగాడు. కడపలో పుట్టి గొడుగుల మీద బతికేవాడు లోకంలో తనొక్కడేనని అతను గర్వంగా చెప్పుకునేవాడు. కంబన్న రోజూ సాయంత్రం అక్కడికే చేరేవాడు. తడిసిన కాగితాలను బాషా బొగ్గుల కుంపటి దగ్గర ఆరబెట్టేవాడు. ఆరిన తర్వాత చూస్తే వాటిలో తోట గానీ మనుషులు గానీ ఉండేవి కావు. వరద తీసిన వంక ఇసుకలాగా ఏవో చారలు.

పన్నెండు రోజులు గడిచాయి. ఒక్క బొమ్మ కూడా నిలవలేదు. పద్దెనిమిది రోజులు మిగిలాయి. కంబన్న కళ్లు మూసుకుంటే ప్రొద్దుటూరు సినిమా హాలు గోడ కనిపించడం మొదలైంది. ఈసారి కింద ఇసుక లేదు.

చుట్టూ నలభై గొడుగులు పెట్టుకుని మనిషి ఎందుకు తడుస్తున్నాడో బాషాకు అర్థం కాలేదు. అడిగితే కంబన్న తల వంచుకుని అవ్వ నియమం చెప్పాడు. బాషా నవ్వబోయి ఆగాడు. కడపలో అతని నన్నీ, అంటే తల్లి తల్లి, మొదటి వానకు నెత్తి మీద కొంగు కూడా కప్పుకునేది కాదు.

ఆ మర్నాడే రామేశ్వరమ్మ ఉత్తరం వచ్చింది. బిడ్డకు రెండు పళ్లు వచ్చాయి, జ్వరం లేదు, పాలకు మూడు పొంగులు రానిస్తున్నాము అని మొదట రాసి, కింద అవ్వ చెప్పిన మాటలు రాసింది. 'ఈడ బావి అడుగు కనబడతాండాది. కడవ నీళ్లకు బారు కట్టి నిలబడతాండాము. ఆడ శానా వాన అంట గదా. దానితో మర్యాదగా ఉండమని చెప్పు. ఈ తట్టుకు ఒకసారి రమ్మని అడగమని చెప్పు. గొడుగు మాత్రం విప్పొద్దని చెప్పు.'

కంబన్న ఆ ఉత్తరాన్ని బాషా ముందు పెట్టాడు.

"చూడు బాషన్నా. గొడుగు విప్పితే ఆడ నా బిడ్డకు నీళ్లు లేకుండా చేసినోణ్ణి అయితా. విప్పకుంటే ఉద్యోగం లేకుండా చేసినోణ్ణి అయితా."

"వానకూ గొడుక్కూ సంబంధం లేదని నువ్వే మొన్న సైన్సు చెప్తివి గదప్పా."

"సైన్సు నాకు తెలుసు. వానకు తెలియల్ల గదా."

బాషా ఉత్తరాన్ని రెండుసార్లు చదివాడు. కుంపటిలో బొగ్గులు ఎగదోశాడు. తర్వాత మసీదులో తీర్పు చెప్పే ముఫ్తీలాగా గడ్డం నిమురుకుని, నిదానంగా ఒక ప్రశ్న వేశాడు.

"మీ అవ్వ ఎండకు గొడుగు పట్టొద్దని చెప్పిందా?"

"లేదు. ఎండకు పట్టల్లనే చెప్పింది."

"ఎండకు పట్టుకొని నువ్వు కూర్చోనుండావు. వాన నీ మీదికి వచ్చింది. తప్పెవరిది?"

కంబన్న ఆలోచించాడు. ఎంత ఆలోచించినా తప్పు తనవైపు కనిపించలేదు.

"వానకు విప్పేది తప్పు. విప్పిన గొడుగు మీద పడేది వాన ఇష్టం," అని బాషా తీర్పు చెప్పి, ఉన్నవాటిలో పెద్ద గొడుగు ఎంచి, పిడికి వెదురు కర్ర జోడించి, నేలలో దిగేసేందుకు అడుగున ఇనుప ములుకు బిగించి ఇచ్చాడు.

*

ఒక చిక్కు మిగిలింది. ఎండకు గొడుగు విప్పాలంటే ఎండ ఉండాలి.

కంబన్న రెండు రోజులు మూసిన గొడుగును ఒళ్లో పెట్టుకుని, తోటలో ఒక బండ మీద, వానలో తడుస్తూ, ఎండ కోసం కూర్చున్నాడు. ఆకు గిల్లే ఆడవాళ్లు గంపలు వీపున వేసుకుని పోతూ, గొడుగు విప్పుకోవడం తెలియదేమోనని, సైగలతో ఎలా విప్పాలో చూపించారు. ఒక ముసలామె జాలిపడి తనే విప్పబోయింది. కంబన్న గొడుగును బిడ్డలాగా రొమ్ముకు హత్తుకుని ఆమెకు దండం పెట్టాడు.

మూడో రోజు పది గంటలప్పుడు మబ్బు చీలింది. గ్లాసు టీ తాగేంతసేపు ఎండ కాసింది. కంబన్న లేచి నిలబడి, సూర్యుడికి కనిపించేటట్టుగా గొడుగు పైకెత్తి, "ఎండ శానా ఉండాది" అని గట్టిగా నలుగురూ వినేటట్టు చెప్పి, విప్పాడు. ఆ మాట చెప్పి ముగించేలోగా మబ్బు మూసుకుంది, వాన మొదలైంది. కంబన్న గొడుగు కింద కూర్చుని, కొండ మీద గీటు గీశాడు. మనసులో మాత్రం, అమ్మా వానా, ఇది నీకు కాదు, ఇది పొద్దుటి ఎండది, అని చెప్పుకుంటూనే ఉన్నాడు.

సాయంత్రం గదికి వచ్చేటప్పుడు రెండో చిక్కు తట్టింది. గొడుగు మూస్తే, మళ్లీ విప్పడానికి మళ్లీ ఎండ రావాలి. ఈసారి ఎప్పుడు వస్తుందో ఎవరికి తెలుసు? కాబట్టి మూయలేదు. గది తలుపు చిన్నది, గొడుగు పెద్దది. కిటికీ నుంచి కూడా పట్టలేదు. చివరికి గుమాస్తాను బతిమాలి ఆకు ఆరబోసే కొట్టంలోకి మకాం మార్చాడు, ఎందుకంటే దానికి బండి పోయే వాకిలి ఉంది. రెండు వారాలు ఆ గొడుగు మూతపడలేదు. బజారుకు విప్పిన గొడుగే, కొట్టంలోకి విప్పిన గొడుగే. బస్సువాడు ఎక్కించుకోనన్నాడు. బాషా అంగడిలోకి అది పట్టదు కాబట్టి, కంబన్న వీధిలో నిలబడి, బాషా లోపల నిలబడి మాట్లాడుకునేవారు.

ఒకరోజు తోట దొర గుర్రం మీద అటు వచ్చాడు. వాన ఆగిన గంటలో, ఆకాశం బూడిదలా ఉన్నప్పుడు, ఒకడు పెద్ద గొడుగు నేలలో నాటుకుని కింద కూర్చుని ఉండటం చూసి, అది ఎందుకని గుమాస్తాను అడిగాడు. గుమాస్తా అరవంలో కంబన్నను అడిగాడు. కంబన్న ఉన్న మాట చెప్పాడు. గుమాస్తా కొంచెం తటపటాయించి, ఇతను ఎండకు తట్టుకోలేడట అని దొరకు ఇంగ్లీషులో చెప్పాడు. దొర ఆకాశం వైపు చూశాడు, కంబన్న మెడ చుట్టూ ఉన్న ఉన్ని గుడ్డ వైపు చూశాడు, గుర్రాన్ని మళ్లించాడు. ఆ సాయంత్రం బంగళా నుంచి కంబన్నకు ఒక జ్వరం మందు సీసా వచ్చింది.

అయితే బొమ్మలు వచ్చాయి. గొడుగు కింద కూడా రంగు ఆరడానికి పావుగంట పట్టేది. ఆ పావుగంట అతనికి చేతిలో పని లేదు, చూడటం తప్ప. లేతాకు గిల్లే వేళ్లు రెండు కలిసి ఎలా కదులుతాయో, తడిసిన గంప వీపును ఎటు లాగుతుందో, పొగమంచు తోటను కింది నుంచి ఎలా తినుకుంటూ వస్తుందో అప్పుడు కనిపించింది. ఒక బొమ్మలో ఒకామె గట్టు మీద కూర్చుని చంటిపిల్లకు పాలిస్తోంది. ఆ పిల్లకు ఎన్ని పళ్లు వచ్చాయని అడిగి, రెండని తెలుసుకుని, ఆ బొమ్మకు మాత్రం కంబన్న రెండు రోజులు తీసుకున్నాడు.

ఆరో బొమ్మ గడువుకు ఒక రోజు ముందు ఆరింది. బాషా వాటిని రెండు పలకల మధ్య పెట్టి తాడుతో కట్టి ఇచ్చాడు. గొడుగుకు డబ్బు తీసుకోలేదు. రైలు కదిలేటప్పుడు, ఇంక మూసుకోప్పా, రైలుకు కప్పు ఉండాది అని అతనే గుర్తు చేశాడు.

*

కంబన్న కడపలో దిగింది ఆదివారం. డిపో మూసి ఉంది. సోమవారం వచ్చి దావీదురాజుకు బొమ్మలు ఇద్దామని పలకల కట్టతో మైదుకూరు బస్సెక్కాడు. బస్సు దిగేసరికి మిట్టమధ్యాహ్నం. నెత్తిన నిప్పులు పోసినట్టుంది ఎండ. కంబన్న గొడుగు విప్పాడు. పక్కన దిగిన ఇద్దరు ముసలివాళ్లు కూడా తమ గొడుగులు విప్పారు. నెల తర్వాత మొదటిసారి ఎవరూ అతని వైపు వింతగా చూడలేదు.

పప్పుల అంగడి దాటి, తన సందు మలుపు తిరిగేటప్పుడు గాలి నిలిచిపోయింది. ఎర్రమల కొండల వైపు నుంచి ఒక నల్లటి మబ్బు, ఎవరికీ చెప్పకుండా వచ్చినట్టు వచ్చింది. ఇంటికి ఇరవై అడుగులు ఉందనగా, దుమ్ములో మొదటి చినుకు పడి, రూపాయంత గుంట చేసింది. తర్వాత పదకొండు నెలల వాన ఒకేసారి దిగింది.

సందులో తలుపులన్నీ తెరుచుకున్నాయి. ముసలీ ముతకా అందరూ వీధిలోకి వచ్చి చేతులు జోడించి నిలబడ్డారు. వాళ్ల మధ్య, విప్పిన గొడుగు కింద, పొడి బట్టలతో కంబన్న ఒక్కడే నిలబడి ఉన్నాడు.

ఎదురుగా వాకిట్లో ఈరక్క. ఆమె చంకలో పెద్దక్క. వెనక గడపలో రామేశ్వరమ్మ. ఆమె తల పైన గోడ మీద 'బిడ్డకు తడి తగలనీయరాదు'.

కంబన్న గొడుగు మూయబోయి ఆగాడు. గొడుగు మూస్తే చంకలో ఉన్న పలకల్లోకి నీళ్లు దిగుతాయి, ఆరు బొమ్మలూ మళ్లీ చారలవుతాయి, తను మళ్లీ నిచ్చెన ఎక్కుతాడు. మూయకపోతే, ఊరంతా చూస్తుండగా, ఏడాదికి ఒకసారి వచ్చిన అల్లుడి ముఖం మీద తలుపు వేసినవాడవుతాడు. పెద్దక్క ఆ నల్లటి గుండ్రటి ఆకారాన్ని చూసి గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టింది.

"అవ్వా, ఇది వానకు కాదు. ఎండకు పట్టినా. బస్సు కాడ ఎండ ఉండాది. కావాలంటే అంగడోణ్ణి అడుగు."

ఈరక్క చేయి కళ్లకు అడ్డం పెట్టుకుని చూసింది. "చంకలో ఏముండాది?"

"బొమ్మలు. తడిస్తే పోతాయి."

ఈరక్క బిడ్డతోనే వానలో నాలుగు అడుగులు వేసి అతని ముందుకు వచ్చింది.

"మనిషి తడవల్ల అంటి గానీ వస్తువు తడవల్ల అని నేనెప్పుడంటిరా? మీ తాత ఆలూరు సంత నుంచి ఉప్పు తెస్తాంటే వాన తగులుకునె. గొడుగు ఉప్పుమూటకు పట్టె, తాను తడుస్తా వచ్చె. వాన అలిగెనా? ఆ ఏడు జొన్నలకు పాతర్లు చాలక పోయె. గొడుగు బొమ్మలకు పెట్టి, నువ్వు ఇవతలికి రా."

కంబన్న కళ్ల ముందు నువరేలియా బండ, ఒళ్లో మూసిన గొడుగుతో ఎండ కోసం కూర్చున్న రెండు రోజులు, బండి వాకిలి కొట్టం, జ్వరం మందు సీసా వరసగా పోయాయి. గొడుగు కాగితం మీద నాటి, తను పక్కన వానలో కూర్చుని ఉంటే సరిపోయేది. మొదటి రోజు నుంచే.

"ఈ మాట ఉత్తరంలో రాయించగూడదా అవ్వా?"

"నువ్వడిగితివా?" అంది ఈరక్క.

కంబన్న పలకల కట్టను అరుగు మీద పెట్టి, దాని మీద గొడుగు బోర్లించి, వానలోకి వచ్చి నిలబడ్డాడు. నల్లటి ఆకారం పోగానే పెద్దక్క ఏడుపు ఆపింది. తండ్రిని గుర్తుపట్టిందని చెప్పడానికి లేదు. కానీ అతని మీసం చివర నుంచి నీటిచుక్కలు ఒకదాని వెనక ఒకటి రాలడం ఆమెకు బాగా నచ్చింది. పుట్టినప్పటి నుంచి ఆమె వాన చూడలేదు. చేయి చాచి మీసం పట్టుకుంది. కంబన్నకు వెంటనే జలుబు, జ్వరం, డాక్టరు, పత్తి మండీ కాటా అన్నీ గుర్తొచ్చాయి.

"రామేశ్వరమ్మా, బిడ్డకు తడి..."

"గోడ మీద ఉండాది, చదివినా," అంటూ ఆమె కూడా వానలోకి దిగింది. "గమ్మున నిలబడు. వాన ఇంటాది."

*

సోమవారం దావీదురాజు ఆరు బొమ్మలనూ బల్ల మీద పరిచి చూశాడు. తోట తోటలాగానే ఉంది. ఎవరూ మొక్కలు పీకడం లేదు. కానీ ప్రతి బొమ్మకూ పై అంచున ఒక నల్లటి వంపు ఉంది, దానికి చివర కమ్మీ మొన.

"ఇదేందప్పా?"

"గొడుగు అంచు సార్. కనబడింది కనబడినట్టు వేయమంటిరి గదా."

దావీదురాజు చాలాసేపు తల పట్టుకున్నాడు. కత్తిరిద్దామంటే కొండల శిఖరాలు పోతాయి. అప్పుడు కంబన్న, నిచ్చెన మీద ఏడేళ్లు అక్షరాలు రాసినవాడు, మెల్లగా ఒక మాట చెప్పాడు. నల్లటి వంపు మీద తెల్లటి అక్షరాలు శానా దూరం కనబడతాయి సార్, కంపెనీ పేరు ఆడ రాద్దాం. మేనేజరు తల మీది నుంచి చేతులు తీశాడు. ఆ ఏడాది క్యాలెండరు కడప, కర్నూలు జిల్లాల్లో ప్రతి టీ అంగడిలోనూ వేలాడింది. పై వంపు ఏమిటని అడిగినవాళ్లకు అంగడివాళ్లు, అది సిలోన్ ఆకాశమప్పా, అట్లనే ఉంటాది అని చెప్పేవారు.

కంబన్నకు బల్ల, కుర్చీ దొరికాయి. క్యాలెండరు అచ్చయి రాగానే అతను ఇమాం బాషాకు ఒకటి పంపి, అవ్వ చెప్పిన తీర్పును వివరంగా రాశాడు. నెల తర్వాత జవాబు కార్డు వచ్చింది. బిడ్డ పళ్లు ఎన్నయ్యాయని అడిగి, కింద బాషా ఇలా రాశాడు: 'మీ అవ్వకు నా సలాములు. ఆమెను మాత్రం ఈ తట్టుకు తీసుకురావద్దు. మనుషులందరూ తడుస్తా, మూటలకు గొడుగులు పడితే, విరిగే గొడుగులు సగమైపోతాయి. నా అంగడి ఏం గావల్ల?'